ఓపికకు జామీను ఎవరు?

కర్నూలు పాతబస్తీలోనో, కడప పెద్ద దర్గా చుట్టుపక్కల వీధుల్లోనో పెరిగే పిల్లలకు ఓర్పు పాఠం మూడు భాషల్లో వినబడుతుంది. ఇంట్లో దాదీ ‘సబర్ కర్ రే’ అంటుంది. ఎదురింటి పెద్దమ్మ ‘రోంతసేపు ఓర్చుకో నాయనా’ అంటుంది. ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు ‘పేషెన్స్ ఉండాలి’ అంటారు. నిఘంటువు తెరిస్తే ఈ మూడూ ఒకదానికొకటి అర్థాలుగా కనిపిస్తాయి. రోజువారీ వాడకంలో ఆ లెక్క సరిపోతుంది కూడా. కానీ ఒక మనిషిని ఓర్చుకోమన్నప్పుడు అతని నుంచి ఏం అడుగుతున్నామో, బదులుగా ఏం మాట ఇస్తున్నామో చూస్తే మూడింటి దారులూ వేరని తెలుస్తుంది. ముఖ్యంగా ఆ రెండో సంగతి, అంటే ఓర్చుకున్నవాడికి జామీను ఎవరన్నది, ఈ సీమలో తరతరాలుగా తేలని ప్రశ్న.

ముందు ఇంగ్లీషు మాట చూద్దాం. పేషెన్స్ లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. మూలంలో దానికి బాధపడటం, భరించడం అని అర్థం. ఆసుపత్రిలో మనం రోజూ వాడే ‘పేషెంట్’ అక్కణ్నుంచి వచ్చిందే. బాధ అనుభవిస్తున్న మనిషి అని. లండన్ మిషన్ వాళ్ల జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి లాంటి చోట్ల వైద్యమూ బైబిలూ పక్కపక్కనే ఉండేవి కాబట్టి, ఈ ప్రాంతంలో ఆ రెండు అర్థాలకూ పరిచయం పాతదే. బైబిల్లో ఓర్పుకు పేరుపడ్డవాడు యోబు. ఆస్తి పోయి, బిడ్డలు పోయి, ఒళ్లంతా పుండ్లు పడినా దేవుణ్ణి వదలని మనిషి. అయితే ఆయన నోరు మూసుకుని భరించాడనుకుంటే పొరపాటు. తాను పుట్టిన రోజునే శపించాడు. ‘నీ తప్పు ఏదో ఉండే ఉంటుంది’ అన్న స్నేహితులతో అధ్యాయాలకు అధ్యాయాలు వాదించాడు. తనకెందుకీ శిక్ష అని దేవుణ్ణే నిలదీశాడు. చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆయనకు నీతులు చెప్పిన ఆ స్నేహితుల మీద.

మధ్యయుగాల క్రైస్తవ ఆలోచనలో పేషెన్స్‌ను కోపానికి ఎదురు నిలిచే సుగుణంగా లెక్కపెట్టారు. రానురాను దానిలో బాధ పలచబడి, సమయం మిగిలింది. ఇవాళ ఇంగ్లీషులో ఆ మాటకు జనం మొదట చెప్పుకునే అర్థం, విసుక్కోకుండా ఎదురుచూడటం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘మీ పేషెన్స్‌కు ధన్యవాదాలు’ అని రికార్డు వినిపిస్తుంది. ‘నాకంత పేషెన్స్ లేదు’ అని మన పిల్లలు అన్నా ఈ అర్థంలోనే. బాధ లేదు, విసుగు మాత్రమే ఉంది. వందల ఏళ్లు మోసిన బరువును దించేసుకుని ఆ మాట తేలికపడింది. అందువల్ల అది దుకాణంలో, బడిలో, ఆఫీసులో సులువుగా చెల్లుబాటవుతుంది. చావు ఇంట్లో మాత్రం ఎవరూ ఎవరికీ పేషెన్స్ ఉండాలని చెప్పరు.

చావు ఇంట్లో వినబడేది సబర్. అరబ్బీలో దాని మూలార్థం కట్టివేయడం, నిలిపి ఉంచడం. ఉర్దూలో రాసేది ‘సబ్ర్’ అయినా, మన దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట్లో అది ‘సబర్’. ఎదురుచూడటానికి ఉర్దూలో ‘ఇంతెజార్’ అని వేరే మాట ఉంది. భరించడానికి ‘బర్దాష్త్’ ఉంది. సబర్‌లో ఆ రెండూ కొంత కొంత ఉన్నాయి గానీ, దాని నడిమి అర్థం తనను తాను పట్టి నిలుపుకోవడం. ఇస్లామీ పండితులు దీన్ని మూడు రకాలుగా చెబుతారు. చేయవలసిన పనిని వదలకుండా చేయడంలో సబర్, చేయకూడనిదానికి దూరంగా ఉండటంలో సబర్, కష్టం మీదపడ్డప్పుడు సబర్. ఈ మూడింట్లో మొదటి రెండూ చేతలకు సంబంధించినవని గమనించాలి. తెల్లవారుజామున చలిలో లేచి, చన్నీళ్లతో కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుని, అంటే వజూ చేసుకుని, నమాజుకు నిలబడటం సబరే. లంచం తీసుకునే వీలున్నా చెయ్యి చాపకపోవడం సబరే. మూడోదాన్ని ఒక్కదాన్నే సబర్ అనుకోవడం వల్ల చాలా అపార్థాలు పుట్టాయి.

కష్టంలో సబర్ అంటే కూడా ఏడవకపోవడం కాదు. ఖురాన్‌లో యూసుఫ్ కథ దీనికి గట్టి సాక్ష్యం. కొడుకును తోడేలు తినేసిందని మిగతా కొడుకులు అబద్ధం చెప్పినప్పుడు తండ్రి యాఖూబ్ ‘సబ్రున్ జమీల్’ అంటాడు. అందమైన సహనం అని. అదే తండ్రి ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకుంటాడు. ఇంట్లోవాళ్లు తప్పుపడితే, నా దుఃఖాన్ని దేవుడికే మొరపెట్టుకుంటున్నానని జవాబిస్తాడు. ఆ కన్నీళ్ల వల్ల ఆయన సహనం చెడిపోయిందని ఖురాన్ ఎక్కడా అనలేదు. బైబిల్లో యోబుగా కనబడే మనిషే ఖురాన్‌లో అయ్యూబ్. ఆయన కూడా ‘నాకు కష్టం వచ్చింది’ అని దేవుణ్ణి పిలుస్తాడు. అలా పిలిచినవాణ్ణే ఖురాన్ సబర్ గల మనిషి అని మెచ్చుకుంటుంది. ఇంగ్లీషు మాటకూ ఉర్దూ మాటకూ వెనక నిలబడ్డ మనిషి ఒక్కడే కావడం, ఆయన మొరపెట్టుకున్నవాడు కావడం మరచిపోకూడని సంగతి.

ప్రవక్త ముహమ్మద్ జీవితంలోని ఒక సంఘటన హదీసుల్లో, అంటే ఆయన మాటలనూ చేతలనూ చెప్పే గ్రంథాల్లో, ఉంది. సమాధి దగ్గర ఒక స్త్రీ ఏడుస్తుంటే ఆయన అటుగా వెళుతూ, దేవుడికి భయపడు, సబర్ పాటించు అన్నారు. ఆయనెవరో ఆమెకు తెలియదు. ‘నా కష్టం నీకు రాలేదులే, పో’ అంది. ఆయనెవరో తర్వాత తెలిసి ఆమె ఆయన ఇంటికి పరుగెత్తింది. అక్కడ కాపలావాళ్లు కూడా లేరు. గుర్తుపట్టలేదని చెప్పుకుంటే, సబర్ అనేది మొదటి దెబ్బ తగిలినప్పటిది అని మాత్రం అన్నారు. ఆమె మాటకు శిక్ష లేదు, కోపం లేదు. కష్టంలో ఉన్న మనిషి ఎదురు మాట్లాడితే దాన్ని సహించవలసిన సబర్ చెప్పినవాడికీ ఉండాలని ఈ సంఘటనలో కనిపిస్తుంది. ఇది తరచుగా చెప్పుకోవలసిన కథ. ఎందుకంటే మన దగ్గర సబర్ బోధించేవాళ్లు ఎక్కువమంది తమ వంతు సబర్‌ను లెక్కలోకి తీసుకోరు.

అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి పీరు దగ్గర చక్కెర చదివించే జనంలో హిందువులూ ముస్లింలూ కలిసే ఉంటారు. సీమ పల్లెల్లో చాలాచోట్ల పీర్ల చావిడి ఊరందరిదీ. ఆ పండుగ వెనక ఉన్నది 680లో ఇరాక్‌లోని కర్బలాలో జరిగిన ఘటన. ప్రవక్త మనవడు ఇమాం హుస్సేన్‌నూ ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ అప్పటి పాలకుడు యజీద్ సైన్యం చుట్టుముట్టింది. యూఫ్రటీస్ నీళ్లు అందకుండా చేసింది. యజీద్‌కు విధేయత ప్రకటించి ఉంటే ఇమాం ప్రాణాలు దక్కేవి. ఆయన ఆ మాట ఇవ్వలేదు. ముస్లింలు ఆయన సబర్‌ను తలుచుకునేది ఇందుకే. దాహాన్ని తట్టుకోవడం అందులో ఒక భాగం. అన్యాయానికి తల వంచకుండా నిలబడటం అసలు భాగం. నీళ్లు అడ్డుకోవడం ఎంత పెద్ద పాపమో కరువు నేల మనుషులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మొహర్రానికి పానకం కలిపి దారినపోయేవాళ్లకు పంచే ఊళ్లలో ఆ కథ పరాయి దేశపు కథలా ఉండకపోవడానికి అదొక కారణం కావచ్చు.

సబర్‌కు జామీను ఎవరన్నదానికి ఉర్దూ మాట్లాడే ఇంట్లో జవాబు స్పష్టం. దేవుడు సబర్ గలవాళ్లతో ఉంటాడన్న ఖురాన్ వాక్యం పిల్లలకు కూడా నోటికి వస్తుంది. రోజాలో, అంటే రంజాన్ ఉపవాసంలో, దీన్ని ఒంటితో నేర్చుకుంటారు. రంజాన్ ఎండాకాలంలో వచ్చిన ఏడు కర్నూలులో 40 డిగ్రీల ఎండలో చుక్క నీరు తాకకుండా ఉండటం మామూలు విషయం కాదు. అయినా పదేళ్ల పిల్లలు కూడా పట్టుబట్టి రోజా ఉంటారు. పొద్దుగూకగానే వినబడే మగ్రిబ్ అజాన్ ఏ నిమిషానికి వస్తుందో గోడ మీది పట్టికలో రాసి ఉంటుంది. చేతిలో ఖర్జూరం ఉంటుంది, పక్కన అందరూ ఉంటారు. సూర్యుడు ఒక్కరోజూ మాట తప్పడు. షిర్డీ సాయిబాబా బొమ్మ కింద ‘శ్రద్ధ, సబూరి’ అని రాసి ఉండటం తెలుగిళ్లలో అందరికీ తెలుసు. ఆ సబూరి కూడా ఈ మాటే. దాని పక్కన శ్రద్ధ, అంటే నమ్మకం, ఎప్పుడూ ఉంటుంది. రెండింటినీ విడదీసి ఎవరూ రాయరు.

ఇక తెలుగు. సీమలో ముసలామె దర్గా మెట్ల మీదో గుడి మెట్ల మీదో కూలబడి ‘ఓపిక లేదప్పా’ అంటే ఒంట్లో సత్తువ లేదని అర్థం. అదే ఆమె మనవడి అల్లరికి ‘నాకు ఓపిక లేదు’ అంటే సహనం లేదని. ఒకే మాట రెండింటికీ సరిపోతుంది. తిండి, నిద్ర, బలం ఉంటేనే మనిషి ఓర్చుకోగలడన్న సంగతి ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఆకలితో ఉన్నవాణ్ణి ఓపిక పట్టమనడం తెలుగులో కొంచెం అసంబద్ధంగా వినబడాలి, నిజానికి. 

‘ఓర్చినమ్మకు తేటనీరు’ అనే సామెత ఇసుక ఏళ్ల దగ్గర బతికినవాళ్లకు బాగా తెలిసిన అనుభవం. ఎండాకాలంలో పెన్న, చిత్రావతి, పాపాఘ్ని, హంద్రీ ఇసుకలో చెలమ తీస్తే మొదట ఊరేది బురదనీళ్లు. వెంటనే ముంచుకుంటే కడవలో బురదే. కాసేపు ఆగితే మడ్డి అడుగుకు దిగుతుంది. అయితే ఆ ఆగడం వెనక ఒక ఖాయం ఉంది. ఇసుక కింద నీళ్లున్నాయని ఆమెకు తెలుసు. ఊట ఆగిపోయిన చెలమ దగ్గర ఓర్చినా తేటనీరు రాదు. సామెత చెప్పే పెద్దలు ఈ షరతును విడిగా చెప్పలేదు. చెప్పకుండానే తెలిసేదని కాబోలు.

సేద్యంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ‘అదును, పదును’ అని జోడించి చెప్పే మాట రైతు ఓపికకు అసలైన పేరు. తొలివాన పడగానే ఎగబడి విత్తేవాడికీ, మన్ను చేత్తో పిసికి చూసి పదును సరిపోలేదని ఇంకో వానకు ఆగేవాడికీ తేడా అనుభవంలో ఉంది. ఆ ఆగడం ఒక నేర్పు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. దాన్ని నమ్ముకునే ఎర్రనేలల్లో చెనక్కాయ వేస్తారు. విత్తిన 40, 50 రోజులకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగుతాయి. సరిగ్గా అప్పుడు వాన ముఖం చాటేస్తే నేల గట్టిపడి ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. విత్తకముందు రైతు చేతిలో నిర్ణయం ఉంది. విత్తాక ఆకాశం వైపు చూడటం తప్ప ఏమీ లేదు. బయటివాళ్లు రెండింటినీ చూసి ‘సీమ రైతుకు ఎంత ఓపికో’ అని మెచ్చుకుంటారు. మొదటిది మెచ్చదగిందే. రెండోదాన్ని మెచ్చుకోవడం కన్నా దానికి బీమా, బోరు, కాలువ ఏర్పాటు చేయడం మేలు.

ఓపిక మనిషి గుణమా, పరిస్థితి వల్ల వచ్చేదా అన్నదానిపై మనస్తత్వ శాస్త్రంలో పెద్ద చర్చే జరిగింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన పరీక్ష ప్రపంచమంతా పాకింది. చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఉంటే రెండిస్తామని చెప్పడం ఆ పరీక్ష. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని తర్వాత రాశారు. దాంతో ఓపిక అనేది పుట్టుకతోనో పెంపకంతోనో వచ్చే సుగుణమనీ, అది ఉన్నవాడు పైకొస్తాడనీ స్థిరపడిపోయింది. మోటివేషన్ క్లాసుల్లో ఇప్పటికీ ఇదే చెబుతున్నారు. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో మళ్లీ పరిశీలించి, ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు లాంటివి లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం బాగా తగ్గిపోయింది.

అంతకంటే ముఖ్యమైనది రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగి, 2013లో అచ్చైన పని. మిఠాయి పరీక్షకు ముందు పిల్లలను రెండు జట్లు చేశారు. మంచి రంగు పెన్సిళ్లు తెచ్చిస్తానని ఒక పెద్దమనిషి చెప్పి, మొదటి జట్టుకు నిజంగా తెచ్చిచ్చారు. రెండో జట్టు దగ్గరికి వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఆ తర్వాత మిఠాయి పెట్టి ఆగమంటే, మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాలే. మొత్తం 28 మంది పిల్లలతో చేసిన చిన్న ప్రయోగం కాబట్టి దీని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. అయినా అది చూపిన దిక్కు సరైనది. రెండో జట్టు పిల్లల్లో లోపం ఏమీ లేదు. ఎదుటి మనిషి మాట చెల్లదని వాళ్లు చూశారు, దానికి తగ్గట్టు నడుచుకున్నారు.

ఇక్కడ ఒక మాట ప్రయాణం చూడాలి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువుతో పాటు, కచేరీల్లో వాడే రకరకాల భాషల మాటలకు విడిగా ఒక నిఘంటువు కూర్చి 1852లో అచ్చు వేయించాడు. అర్జీ, దస్తావేజు, జమాబందీ, జామీను లాంటి మాటల వల్ల అరబ్బీ, పారశీ భాషలు సీమ రైతు నోట్లో స్థిరపడ్డాయి. ‘వాయిదా’ కూడా అలా వచ్చిందే. ఉర్దూలో ‘వాదా’ అంటే మాట ఇవ్వడం. తెలుగులో అదే మాట మొదట గడువుగా, కిస్తీగా మారి, చివరికి పని వెనక్కి జరపడానికి పేరైంది. కోర్టు చుట్టూ తిరిగినవాడికి వాయిదా అంటే మళ్లీ రమ్మనడం. ఇచ్చిన మాట తెలుగు నేల మీద వెనక్కి జరిపిన తేదీగా మారడం వెనక ఎన్ని ఆఫీసుల వరండాలు ఉన్నాయో ఊహించుకోవచ్చు.

సీమకు ఇచ్చిన మాటల్లో అందరికీ తెలిసింది శ్రీబాగ్ ఒడంబడిక. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని రాసుకున్నది. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్ల వాడకంలో రాయలసీమ అవసరాలకు పదేళ్లపాటు, కావాలంటే ఇంకా ఎక్కువ కాలం, ముందు వరస ఇస్తామన్నారు. రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు అన్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్నారు. కర్నూలు 1953లో రాజధాని అయింది, 1956లో ఆ హోదా పోయింది. అనంతపురానికి విశ్వవిద్యాలయం దక్కింది. నీళ్ల మాట మాత్రం తరాలు మారినా సభల్లో, ఎన్నికల్లో నలుగుతూనే ఉంది. ప్రతిసారీ సీమ ప్రజలను ఓపిక పట్టమన్నారు. రాచెస్టర్ పిల్లలు ఒక్కసారి చూసి నేర్చుకున్నదాన్ని తాతల నాటి నుంచీ చూస్తున్న మనిషి ‘మీ కాలువ వచ్చినప్పుడు చూద్దాంలేప్పా’ అంటే, అతనికి ఆశ చచ్చిపోయిందనో, సోమరితనమనో అనడం అన్యాయం.

ఉర్దూలో ‘సబర్ పడ్నా’ అని ఒక జాతీయం ఉంది. అన్యాయం పాలైనవాడి సబర్, ఆ అన్యాయం చేసినవాడి మీద పడుతుందని. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘ఉసురు తగలడం’. పేదవాడు నోరెత్తకుండా భరించినదంతా ఎక్కడికీ పోదని, భరింపజేసినవాడి ఖాతాలో బాకీగా రాసి ఉంటుందని ఈ రెండు భాషల జనమూ నమ్మారు. ఇంగ్లీషు పేషెన్స్‌తో ఇలాంటి జాతీయం లేదు. కస్టమర్ కేర్ రికార్డు విన్నవాడి పేషెన్స్ ఎవరి మీదా పడదు.

ఈ బాకీ ఎక్కువగా పేరుకునేది ఇళ్లలో. అత్తింట్లో దెబ్బలు తిన్న కూతురు పుట్టింటికి వస్తే, తెలుగింట్లో ‘ఓర్చుకో తల్లీ, పిల్లలున్నారు’ అంటారు. ఉర్దూ ఇంట్లో ‘సబర్ కర్ బేటీ, అల్లా దేఖ్తా హై’ అంటారు. చెప్పేవాళ్లకు ప్రేమ ఉండొచ్చు, భయం ఉండొచ్చు, డబ్బు లేకపోవచ్చు. కానీ ఆ మాట దేవుణ్ణి జామీనుగా పెట్టి, జామీను ఉండవలసిన తండ్రినీ అన్ననూ మసీదు జమాతునూ తప్పిస్తుంది. పైగా అది సబర్‌లోని మూడు భాగాల్లో ఒక్కదాన్నే ఆమె మీద మోపుతుంది. కొట్టే చెయ్యిని ఆపుకోవలసిన సబర్ అల్లుడిది. అది రెండో రకం, చేయకూడనిదానికి దూరంగా ఉండటం. ఆ సంగతి అల్లుడికి ఎవరూ గుర్తుచేయరు. చెడ్డమాట పైకి అనడం దేవుడికి ఇష్టం ఉండదు, అన్యాయానికి గురైనవారికి తప్ప, అని ఖురాన్‌లోనే ఉంది. అయ్యూబ్ మొరపెట్టుకున్నట్టు ఆమెకూ మొరపెట్టుకునే హక్కు ఉంది. పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కితే ఆమె సబర్ పోయిందని అనడానికి మతంలో ఆధారం లేదు.

ప్రవక్త కాలంలో సాబిత్ ఇబ్న్ ఖైస్ అనే ఆయన భార్య ప్రవక్త దగ్గరికి వచ్చి, భర్త నడవడిలోనూ ధర్మంలోనూ తప్పు చెప్పడం లేదని, అయినా అతనితో కాపురం చేయలేనని చెప్పింది. ప్రవక్త ఆమెను సబర్ పాటించమనలేదు. అతను మహర్‌గా, అంటే పెళ్లిలో భార్యకు భర్త ఇచ్చే కానుకగా, ఇచ్చిన తోట తిరిగి ఇస్తావా అని అడిగారు. ఇస్తానంది. తోట తీసుకుని ఆమెను విడిచిపెట్టమని సాబిత్‌కు చెప్పారు.